పలుచని స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుకు టిగ్ వెల్డింగ్

నిర్వచనం, పరిధి

టంగ్‌స్టన్ ఎలక్ట్రోడుకూ అతకాల్సిన లోహానికీ మధ్య ఆర్క్ రగిలించి, ఆ వేడితో రెండు అంచులనూ కరిగించి ఒకటి చేసే పద్ధతిని టిగ్ వెల్డింగ్ అంటారు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. అందువల్ల ఎలక్ట్రోడు ఆర్క్‌ను నిలబెట్టడానికే పనికొస్తుంది, అతుకులో కలవదు. అదనంగా లోహం కావలసినప్పుడు వెల్డరు రెండో చేత్తో ఫిల్లర్ రాడ్ అందిస్తాడు. కరిగిన లోహానికి గాలి తగలకుండా టార్చ్ మూతి నుంచి ఆర్గాన్ వాయువు ఆగకుండా కప్పుతూ ఉంటుంది. సికింద్రాబాద్ చుట్టుపక్కల షెడ్లలో దీన్ని ఆర్గాన్ వెల్డింగ్ అనే పిలుస్తారు. వెల్డింగ్ పద్ధతులకు అంకెలు కేటాయించిన ఐఎస్ఓ 4063 ప్రమాణంలో ఫిల్లర్ కలిపి చేసే టిగ్ సంఖ్య 141, ఫిల్లర్ లేకుండా అంచులనే కరిగించి చేసేది 142.

ఇక్కడ పలుచని రేకు అంటే 0.5 నుంచి 2 మిల్లీమీటర్ల మందం వరకు. రేకుల వ్యాపారంలో మందాన్ని గేజ్‌లో చెబుతారు. 16 గేజ్ సుమారు 1.6 మి.మీ., 18 గేజ్ 1.2, 20 గేజ్ 0.9, 22 గేజ్ 0.7. అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. వాడుకలో ఒకటికి మించిన గేజ్ పట్టికలు ఉన్నాయి కాబట్టి కరెంటు నిర్ణయించే ముందు మైక్రోమీటరుతో కొలిచి చూడటం మంచిది. 1.2 మి.మీ. అనుకుని ఒక మి.మీ. రేకుపై పెట్టిన కరెంటు చిల్లు వేయడానికి సరిపోతుంది.

నేరేడ్‌మెట్ పరిసరాల్లో ఈ పని

సికింద్రాబాద్ వైపున్న నేరేడ్‌మెట్ ప్రధానంగా నివాస ప్రాంతం. దానికి దగ్గరలోనే 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1971లో నెలకొల్పిన అణు ఇంధన సముదాయం ఎన్‌ఎఫ్‌సీ, మౌలాలి రైల్వే యార్డులు, కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడలు ఉన్నాయి. వెల్డింగ్ సామానుకు, యంత్ర పరికరాలకు సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ పాత బజారు.

ఇక్కడ స్టెయిన్‌లెస్ రేకు పని రెండు తీరులుగా సాగుతుంది. ఇళ్ల మెట్ల రెయిలింగులు, గేట్లు, హోటల్ వంటగది బల్లలు, సింకులు, ఇడ్లీ స్టీమర్లు ఒక తీరు. వీటిలో బయటికి కనిపించే ముఖాన్ని బఫింగ్ చేసి మెరిపిస్తే పని పూర్తయినట్టే. రెండోది మందుల పరిశ్రమకూ పాల పరిశ్రమకూ కావలసిన ట్యాంకులు, గొట్టాలు. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం రావడంతో మొదలై, 1984లో డాక్టర్ రెడ్డీస్ వంటి సంస్థల స్థాపనతో విస్తరించిన హైదరాబాద్ ఔషధ పరిశ్రమ ఈ రెండో తీరు పనికి పెద్ద ఆధారం. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పాత్ర లోపలి ముఖం. మందు, పాలు, నీళ్లు తగిలేది అతుకు వెనుకవైపుకే. ఒకే వెల్డరు ఉదయం రెయిలింగు, సాయంత్రం పాల ట్యాంకు చేయగలడు, కానీ ఆ రెంటికీ కావలసిన శిక్షణ ఒకటి కాదు (చూడండి: వెనుకవైపు రక్షణ).

చరిత్ర

స్టెయిన్‌లెస్ స్టీలూ టిగ్ వెల్డింగూ వేర్వేరు దారుల్లో పుట్టాయి. జర్మనీలోని క్రుప్ సంస్థలో బెనో స్ట్రాస్, ఎడువార్డ్ మౌరర్ 1912లో క్రోమియం, నికెల్ కలిసిన ఉక్కుకు పేటెంటు కోరారు. నేటి 304 రకానికి మూలం అదే. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ క్రోమియం ఉక్కు పోత పోశాడు. తుప్పు పట్టదనుకున్న ఈ ఉక్కు వెల్డింగ్ చేసిన చోట, అతుకుకు కొద్దిగా పక్కన, తినేసినట్టు పాడవడం తొలి దశాబ్దాల్లోనే బయటపడింది. విరుగుడుగా టైటానియం కలిపిన 321, నయోబియం కలిపిన 347 వచ్చాయి. కార్బన్‌ను చౌకగా 0.03 శాతం లోపుకు దించే ఆర్గాన్–ఆక్సిజన్ శుద్ధి పద్ధతి 1968లో వాణిజ్య స్థాయిలో మొదలయ్యాకే 304ఎల్, 316ఎల్ మామూలు సరుకయ్యాయి. వెల్డరు చేతిలో రేకును కాపాడే వాయువే కొలిమిలో ఆ రేకు తయారీకీ సాయపడింది.

జడవాయువు కప్పి ఆర్క్ వెల్డింగ్ చేయాలన్న ప్రయత్నాలు 1920లలో అమెరికాలో హెన్రీ హోబర్ట్, ఫిలిప్ డెవర్స్ చేశారు. అప్పటి ఆర్గాన్, హీలియం ధరలకు అది నిలవలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మెగ్నీషియం విమాన భాగాలను అతకాల్సి వచ్చినప్పుడు నార్త్రప్ సంస్థలో రసెల్ మెరెడిత్ 1941లో టంగ్‌స్టన్ ఎలక్ట్రోడు, హీలియం వాయువుతో పనిచేసే టార్చ్ రూపొందించాడు. హీలియార్క్ అన్న వాణిజ్య నామం అప్పటిదే. తరువాత ఆర్గాన్ చౌకపడి హీలియం స్థానాన్ని ఆక్రమించింది. గాలిలో 0.93 శాతం ఉండే ఆర్గాన్‌ను గాలిని ద్రవంగా మార్చి వేరుచేస్తారు. ఆక్సిజన్ తయారీలో అది కలిసొచ్చే సరుకు. 1980ల నుంచి ఇన్వర్టర్ మిషన్లు వ్యాపించడంతో ఇద్దరు కలిసి మోయాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ బదులు, ఇంటి కరెంటుతో నడిచే పెట్టె చిన్న షెడ్లకూ అందింది. రేకు విషయానికొస్తే, 1980ల ఆరంభంలో సేలం ఉక్కు కర్మాగారం కోల్డ్ రోల్డ్ స్టెయిన్‌లెస్ రేకుల ఉత్పత్తి మొదలుపెట్టింది.

లోహ స్వభావం

ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే పైన కొన్ని నానోమీటర్ల మందంలో క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి, గీత పడ్డా తనంతట తానే పూడుకుంటుంది. 304 రకంలో క్రోమియం సుమారు 18, నికెల్ 8 శాతం. వెల్డింగ్ దృష్ట్యా ఈ లోహానికి మూడు గుణాలు ముఖ్యం.

మొదటిది, వేడిని నెమ్మదిగా ప్రసరింపజేయడం. మామూలు ఉక్కుతో పోలిస్తే 304 దాదాపు మూడో వంతు వేగంతోనే వేడిని పక్కకు పంపుతుంది. ఆర్క్ కింద చేరిన వేడి అక్కడే పేరుకుపోతుంది. రెండోది, వేడికి ఎక్కువగా సాగడం. మీటరు పొడవు రేకు వంద డిగ్రీలు వేడెక్కితే మామూలు ఉక్కు 1.2 మి.మీ. సాగే చోట ఇది 1.7 మి.మీ. సాగుతుంది. ఈ రెండూ కలిసినందువల్లే పలుచని స్టెయిన్‌లెస్ రేకు అతుకు వెంట అలలు అలలుగా లేస్తుంది. మందమైన పలక ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది, రేకు తట్టుకోలేదు.

మూడో గుణం కంటికి కనబడదు. ఉక్కు సుమారు 450–850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే కార్బన్ వెళ్లి క్రోమియంతో కలిసి రేణువుల సరిహద్దుల్లో క్రోమియం కార్బైడ్‌గా స్థిరపడుతుంది. ఆ సరిహద్దుల పక్కన క్రోమియం తరిగి, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. రేకు పలచగా ఉండి త్వరగా చల్లారితే ఈ ప్రమాదం తక్కువ. ఒకే చోట మళ్లీ మళ్లీ ఆర్క్ పెట్టి సరిదిద్దే అలవాటు దాన్ని తిరిగి తెస్తుంది.

రేకు రకాలు, ఫిల్లర్ ఎంపిక

రెయిలింగుల్లో ధర తగ్గించేందుకు నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 శ్రేణి ఉక్కులు, ముఖ్యంగా 202, విరివిగా వాడతారు. ఆహారం, పాలు, మందుల పనికి 304, 304ఎల్, 316ఎల్ కావాలి. 316లో 2–3 శాతం మాలిబ్డినం ఉండి ఉప్పు, క్లోరైడులకు నిలుస్తుంది. అయస్కాంతం అంటకపోతే 304 అని అంగళ్లలో చెప్పే మాట నమ్మదగినది కాదు. 202 కూడా అయస్కాంతానికి అంటదు. రసాయన పరీక్ష ద్రవం, లేదా మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం చూడాలి. భారత ప్రమాణం ఐఎస్ 6911 స్టెయిన్‌లెస్ రేకులకు వర్తిస్తుంది.

ఫిల్లర్ రాడ్‌గా 304కు ఈఆర్ 308ఎల్, 316కు ఈఆర్ 316ఎల్, స్టెయిన్‌లెస్‌ను మామూలు ఉక్కుకు కలపాల్సి వస్తే ఈఆర్ 309ఎల్ వాడతారు. 304ను 304 రాడ్‌తో అతకకపోవడానికి కారణం ఉంది. చల్లారేటప్పుడు అతుకులో కొద్దిగా ఫెర్రైట్ అనే లోహ దశ ఉంటే వేడి పగుళ్లు రావు. 308 కూర్పు ఆ కొద్ది ఫెర్రైట్ మిగిలేలా ఉంటుంది. ఒక మి.మీ. రేకుకు 1.2 మి.మీ. రాడ్ నప్పుతుంది. రాడ్ మరీ లావైతే దాన్ని కరిగించడానికే కరిగిన లోహపు మడుగు చల్లబడి, వెల్డరు కరెంటు పెంచి రేకును కాలుస్తాడు.

పరికరాలు

స్టెయిన్‌లెస్‌కు డైరెక్ట్ కరెంటు, టార్చ్ నెగెటివ్ వైపు. ఇలా కలిపినప్పుడు వేడిలో సుమారు 70 శాతం పనివైపు వెళ్లి టంగ్‌స్టన్ చల్లగా, సూదిగా నిలుస్తుంది. మిషన్ కొనేవారు 200 ఆంపియర్ల అంకెను చూస్తారు. పలుచని రేకుకు అంతకంటే ముఖ్యమైనది 5–10 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వణకకుండా నిలుస్తుందా అన్నది. హై ఫ్రీక్వెన్సీతో తాకకుండానే ఆర్క్ రగిలే ఏర్పాటు, ఆపేటప్పుడు కరెంటు మెల్లగా దిగే ఏర్పాటు, ఆర్క్ ఆగాక కూడా కొన్ని సెకన్లు గ్యాస్ వదిలే ఏర్పాటు ఉండాలి. కాలి పెడల్ ఉంటే వెల్డింగ్ నడుస్తుండగానే కరెంటు పెంచి తగ్గించవచ్చు. అది లేని చోట టార్చ్ స్విచ్‌నే నాలుగు దశల (నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం, వదలడం) పద్ధతిలో వాడుకోవాలి.

టంగ్‌స్టన్ రకాన్ని కొస రంగు చెబుతుంది. ఎరుపు 2 శాతం థోరియం, బూడిద రంగు 2 శాతం సీరియం, బంగారు రంగు 1.5 శాతం, నీలం 2 శాతం లాంథనం. థోరియం స్వల్పంగా రేడియోధార్మికం. నూరేటప్పుడు లేచే ధూళి పీల్చరాదు. లాంథనం, సీరియం రకాలు తక్కువ కరెంటులో బాగానే రగులుతాయి కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు ఎర్ర కొస జోలికి పోనవసరం లేదు. ఒక మి.మీ. లోపు రేకుకు 1.0 మి.మీ., ఆపైన 1.6 మి.మీ. టంగ్‌స్టన్ సరిపోతుంది. మొనను పొడవునా నూరాలి. అడ్డంగా నూరితే ఆర్క్ గీతల వెంట తిరిగి ఊగుతుంది. ఆ రాయిపై వేరే లోహం నూరకూడదు.

మూతికి పెట్టే పింగాణి కప్పు సంఖ్య అంగుళంలో పదహారో వంతుల లెక్క: 6వ నంబరు 9.5 మి.మీ., 8వ నంబరు 12.7 మి.మీ. లోపల గ్యాస్ లెన్స్ జాలీ అమర్చితే ఆర్గాన్ సుడులు తిరగకుండా నిలువుగా దిగుతుంది. స్టెయిన్‌లెస్ పనిలో ఈ చిన్న జాలీ పెట్టుబడికి మించిన ఫలితం ఇస్తుంది. ఆర్గాన్ 99.99 శాతం లేదా అంతకు మించి శుద్ధమైనది కావాలి, ప్రవాహం నిమిషానికి 6–10 లీటర్లు. ప్రవాహం పెంచితే రక్షణ పెరగదు. సుడి పుట్టి బయటి గాలిని లోనికి లాగుతుంది. 7 ఘనమీటర్ల సిలిండర్ నిమిషానికి 8 లీటర్ల చొప్పున దాదాపు పద్నాలుగున్నర గంటల ఆర్క్‌కు వస్తుంది. ఫ్యాన్ కింద కూర్చుని పని చేస్తే ఆ ఆర్గాన్‌లో ఎక్కువ భాగం గాలిపాలే. వేసవిలో రేకుల షెడ్డులో ఫ్యాన్ ఆపి పని చేయడం కష్టం. గాలిని అడ్డుకునే తెరలు, ఫ్యాన్‌ను వీపు వైపు కింద పెట్టడం వంటి ఏర్పాట్లు అందుకే.

జత కుదర్చడం, శుభ్రత

పలుచని రేకులో అతుకు నాణ్యత చాలావరకు ఆర్క్ వెలగకముందే తేలిపోతుంది. రెండు అంచుల మధ్య సందు ఉండకూడదు. తప్పనిసరైతే రేకు మందంలో పదో వంతు మించరాదు. ఒక మి.మీ. రేకులో అర మి.మీ. సందుంటే వేడి రెండు అంచులనూ వెనక్కి కరిగించి చిల్లు చేస్తుంది. అనుభవజ్ఞుడు రాడ్‌తో దాన్ని పూడ్చగలడు, కానీ పూడ్చే సమయంలోనే రేకు వంకరపోతుంది. షియర్‌తో నరికిన అంచు నేరుగా ఉండాలి, బుర్రు తీసేయాలి. మూల అతుకులకు బెండింగ్ కొలత సరిచూడాలి.

నూనె, రక్షణ ఫిల్మ్ జిగురు, మార్కర్ రాత, వేలిముద్రలు అన్నీ అసిటోన్‌తో తుడవాలి, రాడ్‌తో సహా. క్లోరిన్ ఉన్న ద్రావకాలు వాడరాదు. వాటి ఆవిరి ఆర్క్ కిరణాలకు విడిపోయి ఫాస్జీన్ విషవాయువుగా మారగలదు. బ్రష్ స్టెయిన్‌లెస్ తీగలదే కావాలి, గ్రైండింగ్ చక్రం మామూలు ఇనుముపై వాడనిదే కావాలి. రెండు లోహాల పనీ ఒకే బల్లపై జరిగే చిన్న షెడ్లలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లో గుచ్చుకుని, వానాకాలంలో రెయిలింగుపై ఎర్రటి చుక్కలుగా బయటపడుతుంది. ఇంటివారు రేకు నకిలీదని అనుమానిస్తారు.

అభ్యాస క్రమం

నేర్పేవారు చాలాచోట్ల 1.5 లేదా 1.6 మి.మీ. రేకుతో మొదలుపెడతారు. 0.7 మి.మీ.తో మొదలుపెడితే చిల్లులు తప్ప నేర్చుకునేది ఉండదు. 3 మి.మీ.తో మొదలుపెడితే వేడి విషయంలో అజాగ్రత్త అలవాటవుతుంది.

ముందు మిషన్ ఆపి ఉంచి టార్చ్ నడక. చిటికెన వేలు పనిపై ఆన్చి, ముంజేతిని బల్లకు ఆనించి, టంగ్‌స్టన్ మొనను రేకుకు ఒక మి.మీ. ఎత్తులో 150 మి.మీ. పొడవునా కదలకుండా నడపగలగాలి. తరువాత ఆర్క్‌తో, ఫిల్లర్ లేకుండా, రేకుపై గీతలు. ఈ దశలో చూడవలసింది ఆర్క్ వెలుగును కాదు, దాని కింద మెరిసే మడుగును. 1.5 మి.మీ. రేకుపై అది 4 మి.మీ. వెడల్పు దాకా పెరిగి అక్కడే నిలవాలి. టార్చ్‌ను నిలువు నుంచి పది, పదిహేను డిగ్రీలు వెనక్కి వంచి, ముందుకు తోస్తూ వెళ్లాలి. ఆర్క్ ఎత్తు పెరిగితే వేడి పక్కలకు చెదురుతుంది, రక్షణ పలచబడుతుంది. తాకితే టంగ్‌స్టన్ చెడిపోతుంది. చెడిన మొనతో కొనసాగించకుండా వెంటనే ఆపి నూరుకోవడం తొలి రోజుల్లోనే పట్టుబడాల్సిన అలవాటు.

ఆపై అంచు అతుకు, బయటి మూల అతుకు. రెండిటినీ ఫిల్లర్ లేకుండా చేయవచ్చు, కళ్లముందే ఫలితం కనిపిస్తుంది. మూల అతుకు పట్టుబడ్డాక రాడ్ అందించడం. రాడ్‌ను రేకుకు 15–20 డిగ్రీల్లో పడుకోబెట్టి, మడుగు ముందు అంచున ముంచి వెనక్కి తీయాలి, కానీ ఆర్గాన్ గొడుగు దాటి బయటికి తీయకూడదు. ఎర్రగా కాలిన రాడ్ కొస గాలి తగిలితే ఆక్సైడ్ పట్టి, తిరిగి ముంచినప్పుడు ఆ మురికి అతుకులో చేరుతుంది. రాడ్‌ను ఆర్క్‌లో పట్టి చుక్కలుగా కరిగించడం సాధారణ తప్పు. మడుగే రాడ్‌ను కరిగించాలి.

ఒకదానిపై ఒకటి వేసే అతుకు, టీ అతుకు, చివరగా అంచుకు అంచు చేర్చే బట్ అతుకు, ఇదే తరువాతి వరుస. బట్ అతుకు కాగితంపై సులువుగా కనిపిస్తుంది, పలుచని రేకులో అదే అన్నిటికంటే కఠినం. మొదట్లో 1.6, తరువాత 1.2, ఆపై 0.9 మి.మీ. రేకులకు దిగాలి. 1.2 మి.మీ. 304 బట్ అతుకుకు ప్రారంభ కరెంటు 35–50 ఆంపియర్లు. అతుకు తీరు, చేతి వేగం, కింద పెట్టిన పట్టీ బట్టి ఇది మారుతుంది.

వేడి లెక్క, వంకర

కొత్తవారిలో బలంగా ఉండే అపోహ, కరెంటు తగ్గిస్తే వేడి తగ్గుతుందని. అతుకు ప్రతి మిల్లీమీటరుకూ చేరే వేడి వోల్టేజీ, కరెంటుల లబ్ధాన్ని వేగంతో భాగిస్తే వస్తుంది. 10 వోల్టులు, 45 ఆంపియర్లతో నిమిషానికి 225 మి.మీ. నడిస్తే మి.మీ.కు 120 జౌళ్లు. 30 ఆంపియర్లకు తగ్గించి, మడుగు పుట్టేదాకా ఆగి ఆగి నిమిషానికి 100 మి.మీ. నడిస్తే 180 జౌళ్లు. భయంతో తగ్గించిన కరెంటే రేకును ఎక్కువ కాలుస్తుందన్నమాట. కావలసినంత కరెంటుతో వెంటనే మడుగు పుట్టించి, ఆగకుండా వెళ్లడం నేర్చుకున్నప్పుడే రేకు నిలుస్తుంది.

పల్స్ ఏర్పాటు ఈ లెక్కను సులువు చేస్తుంది. సెకనుకు ఒకటి రెండు పల్స్‌లలో కరెంటు ఎక్కినప్పుడు మడుగు కరుగుతుంది, దిగినప్పుడు కొంత గట్టిపడుతుంది. అభ్యాసకుడు ఆ లయకే రాడ్ ముంచడం నేర్చుకోవచ్చు. సెకనుకు వంద దాటిన వేగవంతమైన పల్స్ ఆర్క్‌ను ఇరుకుగా, బిగుతుగా నిలుపుతుంది. పల్స్ ముందే అలవాటైతే మామూలు ఆర్క్‌పై పట్టు రాదని కొందరు శిక్షకుల వాదన, అందులో వాస్తవముంది.

వంకర అదుపుకు దగ్గర దగ్గర టాక్‌లు, అంటే అంచులను ముందుగా పట్టి ఉంచే చిన్న చుక్క అతుకులు, ముఖ్యం. ఒక మి.మీ. రేకుకు 25–30 మి.మీ.కు ఒకటి, అదీ ఒక కొస నుంచి వరుసగా కాకుండా రెండు కొసలు, నడిమధ్య, మళ్లీ ఆ సగాల మధ్య. వరుసగా వేస్తే అంచులు కత్తెరలా మూసుకుని చివర ఒకదానిపైకొకటి ఎక్కుతాయి. అతుకును చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కనూ వెనక్కి వేస్తూ ముందుకు జరగడం, పక్కల రాగి పట్టీలు బిగించి వేడిని లాగేయడం, ముక్కల మధ్య చల్లారనివ్వడం మిగతా మార్గాలు.

వెనుకవైపు రక్షణ

టార్చ్ ఆర్గాన్ పైముఖాన్నే కాపాడుతుంది. వేడి రేకు మందం దాటి వెనక్కి చొచ్చుకుపోయినప్పుడు అక్కడి కరిగిన లోహం నేరుగా గాలికి తగులుతుంది. క్రోమియం ఆక్సిజన్‌ను త్వరగా పట్టుకునే లోహం కాబట్టి వెనుక నల్లగా, గరుకుగా, గింజలు కట్టినట్టు ఆక్సైడ్ ఏర్పడుతుంది. పైనుంచి చూస్తే అతుకు బంగారు రంగులో నిగనిగలాడుతూ ఉండవచ్చు. వెనుక ఆ గింజల సందుల్లో పాలు, మందు పొడి, సూక్ష్మజీవులు నిలిచిపోతాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది, వంచినప్పుడు పగులు అక్కడి నుంచే పాకుతుంది. రెయిలింగు గొట్టంలో ఇది ఎవరికీ కనబడదు. పాల గొట్టంలో అది సరుకును తిరస్కరించడానికి చాలు. అభ్యాసకుడి ప్రతి ముక్కనూ తిప్పి చూసే శిక్షకుడు దొరకడం అందుకే పెద్ద అదృష్టం.

చదునైన రేకుకు కింద గాడి తీసిన రాగి పట్టీ పెట్టడం మొదటి పద్ధతి. రాగి వేడిని లాగుతుంది, అతుక్కోదు, గాలిని కొంత అడ్డుకుంటుంది. గాడిలోకి సన్నని రంధ్రాల ద్వారా ఆర్గాన్ వదిలితే రక్షణ పూర్తవుతుంది. గొట్టాలకు రెండు కొసలూ మూసి లోపల ఆర్గాన్ నింపుతారు. ఆర్గాన్ గాలి కంటే సుమారు 1.4 రెట్లు బరువు కాబట్టి కింది నుంచి పంపి, పైన చిన్న రంధ్రం గుండా గాలిని బయటికి నెట్టాలి. 50 మి.మీ. వ్యాసం, మీటరు పొడవు గొట్టంలో దాదాపు రెండు లీటర్ల గాలి ఉంటుంది. దానికి ఐదారు రెట్ల ఆర్గాన్, నిమిషానికి 5 లీటర్ల చొప్పున రెండు నిమిషాలకు పైగా పంపాక ఆర్క్ మొదలుపెట్టవచ్చు. పని సాగుతుండగా ప్రవాహం తగ్గించాలి. లోపల ఒత్తిడి పెరిగితే అతుకు మూసుకునే చివరి చోట మడుగును బయటికి ఊదేస్తుంది. టాక్‌లకు కూడా ఈ రక్షణ కావాలి. టాక్ వెనుక పుట్టిన ఆక్సైడ్ తరువాత వేసే అతుకులో కలిసిపోతుంది.

ఆర్గాన్ ఖర్చు భరించలేని చోట వెనుకవైపు పూసే ఫ్లక్స్ పేస్టు వాడతారు, పని తరువాత దాన్ని పూర్తిగా కడిగి తీయాలి. 300 శ్రేణి ఉక్కుకు కొన్ని పనుల్లో నైట్రోజన్ కూడా వెనుక వాయువుగా పనికొస్తుంది.

రంగులు, లోపాలు

అతుకు చుట్టూ కనిపించే రంగులు ఆక్సైడ్ పొర మందం వల్ల కాంతిలో కలిగే మార్పు. వెండి రంగు, లేత గడ్డి రంగు మేలైన రక్షణకు గుర్తు. బంగారు రంగు చాలా పనులకు సరిపోతుంది. నీలం, ఊదా దాటి బూడిద రంగుకు చేరితే వేడి ఎక్కువైందని, లేదా గ్యాస్ చాలలేదని అర్థం. ఆర్క్ ఆపగానే టార్చ్ లాగేస్తే చివర నల్లబడుతుంది. గ్యాస్ ఆగేదాకా టార్చ్‌ను అక్కడే నిలపాలి. కరెంటు హఠాత్తుగా ఆపితే చివరి గుంటలో నక్షత్రాకారపు పగులు వస్తుంది. చిన్న రంధ్రాలకు కారణం తరచుగా తేమ, నూనె, లేదా గ్యాస్ గొట్టంలో లీకు.

అతుకు తరువాతి పని

రంగు పట్టిన పొర కింద క్రోమియం తరిగిన పొర ఒకటుంటుంది. బఫింగ్ మెరుపుతో అది పోదు. దాన్ని తీయడానికి నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు కలిసిన పికిలింగ్ పేస్టు పూసి, కొంతసేపటికి నీళ్లతో కడుగుతారు. తరువాత నైట్రిక్ లేదా సిట్రిక్ ఆమ్లంతో పాసివేషన్ చేస్తే రక్షణ పొర తిరిగి ఏర్పడుతుంది. విద్యుత్తుతో శుభ్రం చేసే బ్రష్ పరికరాలూ వచ్చాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా ఎముక దాకా దిగే ప్రమాదకర పదార్థం. దాన్ని వాడే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో ఉండాలి, కడిగిన నీటిని మురుగు కాలువలోకి వదలరాదు.

భద్రత

టిగ్ ఆర్క్ పొగ తక్కువగా కనిపిస్తుంది, అతినీలలోహిత కిరణాలు మాత్రం తీవ్రం. మెరిసే స్టెయిన్‌లెస్ రేకు వాటిని గొంతు, గడ్డం కిందికి తిప్పి కొడుతుంది. 9 నుంచి 11 వరకు షేడ్ ఉన్న హెల్మెట్, మెడ కప్పే పూర్తి చేతుల నూలు చొక్కా, సన్నని తోలు గ్లౌజులు కావాలి. క్రోమియం ఉన్న లోహపు పొగలో ఆరు సంయోజకతల క్రోమియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్నీ, 2017లో వెల్డింగ్ పొగలన్నిటినీ, మనుషుల్లో క్యాన్సర్ కారకాలుగా వర్గీకరించింది. పొగను పుట్టిన చోటే లాగేసే గొట్టం అవసరం.

ట్యాంకు లోపల పని వేరే ప్రమాదం. బరువైన ఆర్గాన్ అడుగున చేరి ఆక్సిజన్‌ను తోసేస్తుంది. దానికి రంగు, వాసన లేవు, మనిషికి ముందస్తు హెచ్చరిక అందదు. గాలి పంపే ఏర్పాటు, ఆక్సిజన్ కొలిచే పరికరం, బయట ఒక కాపలా మనిషి లేకుండా లోపలికి దిగరాదు. పని ఆపినప్పుడు టార్చ్‌ను లోపల వదలకుండా, సిలిండర్ వాల్వు కట్టేయాలి.

శిక్షణ, అర్హత పరీక్షలు

దేశంలో 1950లో మొదలైన వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐలలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైనవారు చేరవచ్చు. మిగ్, టిగ్ పద్ధతులకు ప్రత్యేకించిన వెల్డర్ ట్రేడ్ కూడా ఉంది. హైదరాబాద్‌లో మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ పాతది, విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ శిక్షకులను తయారుచేస్తుంది. ఉన్నత స్థాయి పరిశోధన, శిక్షణకు తిరుచిరాపల్లిలో బీహెచ్ఈఎల్ 1975లో నెలకొల్పిన వెల్డింగ్ పరిశోధనా సంస్థ ఉంది. చిన్న షెడ్లలో మాత్రం ఇప్పటికీ ఎక్కువమంది హెల్పరుగా చేరి, గ్రైండింగ్, బఫింగ్ చేస్తూ, మేస్త్రీ ఖాళీ సమయంలో టార్చ్ పట్టి నేర్చుకుంటారు. ఈ దారిలో చేతివాటం బాగా వస్తుంది. వెనుకవైపు రక్షణ, ఫిల్లర్ కూర్పు వంటివి ఎవరూ చెప్పకపోతే తెలియవు.

మందుల, పీడన పాత్రల పనికి వెల్డరు అర్హత పరీక్ష నెగ్గాలి. మన దగ్గర ఎక్కువగా అడిగేవి ఏఎస్ఎంఈ సెక్షన్ 9, ఐఎస్ఓ 9606–1 ప్రమాణాలు. అతికిన పలకను వెనుకముఖం బయటికి వచ్చేలా వంచి పగుళ్లు చూడటం, లేదా ఎక్స్‌రే తీయడం పరీక్ష పద్ధతులు. అర్హత దక్కినా ఆరు నెలలపాటు ఆ పద్ధతిలో పని చేయకపోతే అది చెల్లదు. ఏఎస్ఎంఈ నియమాల ప్రకారం వెనుక ఆర్గాన్‌తో పరీక్ష నెగ్గిన టిగ్ వెల్డరు, అది లేకుండా చేసే పనికి మళ్లీ పరీక్షకు కూర్చోవాలి.

సంబంధిత పద్ధతులు

టిగ్‌కు దగ్గరి బంధువు ప్లాస్మా ఆర్క్ వెల్డింగ్. ఆర్క్‌ను సన్నని రంధ్రం గుండా పంపి బిగించడం దాని ప్రత్యేకత, మైక్రోప్లాస్మా రూపంలో 0.1 మి.మీ. రేకులనూ అతకగలదు. సింకులు, పాత్రల పరిశ్రమలో రెసిస్టెన్స్ స్పాట్, సీమ్ వెల్డింగ్ వేగంగా సాగుతాయి. ఎన్‌ఎఫ్‌సీలో భారజల రియాక్టర్ల ఇంధన కడ్డీల గొట్టాలు అర మిల్లీమీటరు కంటే పలచనివి. అవి జిర్కోనియం మిశ్రమానివి, వాటి కొసలకు బిరడాలు రెసిస్టెన్స్ వెల్డింగ్‌తోనే అతుకుతారు. చేత్తో పట్టుకునే లేజర్ వెల్డింగ్ యంత్రాలు ఇటీవల ఫ్యాబ్రికేషన్ షెడ్లలోకి వస్తున్నాయి. వేగం ఎక్కువ, వంకర తక్కువ, నేర్చుకోవడం సులువు. సందు విషయంలో అవి టిగ్ కంటే కూడా కచ్చితమైన జతను కోరతాయి, కంటి రక్షణకు ఆ తరంగదైర్ఘ్యానికి ప్రత్యేకించిన అద్దాలు, మూసిన గది కావాలి. గొట్టాల వంపులు, ఇరుకు మూలలు, మరమ్మతులు, పీడన పాత్రల మొదటి పొర వంటి పనులు ఇప్పటికీ టిగ్ టార్చ్ చేతుల్లోనే ఉన్నాయి.